ఇరుసు

వోరు పట్టణంలో దుకాణం వాడు ధర చెప్పాడు:
నాలుగు వేల రెండు వందల యూరోలు.
ఎర్ర రంగు, కొత్త గ్రీజు వాసన.
ట్రాక్టరు వెనక తగిలించి మీట నొక్కితే చాలట,
దుంగ తానే నడిచి వస్తుందట.
ఉకు టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.
హెల్యు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి
వెల్డింగు అతుకుల్ని గోటితో గీకి చూసి
"రెండు పాడి ఆవుల ధర" అంది,
"పాలు మాత్రం ఇవ్వదు."

అక్టోబరు గాలివాన పడగొట్టిన స్ప్రూస్ చెట్లు
హాన్యా గుట్టల వాలులో, ట్రాక్టరు దిగని చోట,
నూట నలభై
ఒకదాని మీద ఒకటి పడున్నాయి.
ఏప్రిల్లో మంచు కరుగుతుంది.
కరిగిందంటే బెరడు కిందికి పురుగు దిగుతుంది.
పురుగుకి బేరాలు తెలియవు.

పాక వెనక లారీ ఉంది. అక్సెల్ లారీ.
ఉకుకి అన్న, హెల్యుకి మొగుడు.
పదకొండేళ్ళుగా కదల్లేదది.
క్యాబిన్ అడుగు చీల్చుకుని లేచిన బిర్చ్ మొక్క
కిటికీలోంచి చెయ్యి బయటపెట్టుకుని ఉంది, డ్రైవరులా.
దాన్ని ముట్టుకుంటానని ఉకు ఏనాడూ అడగలేదు.
ఆ రాత్రి ఆమే స్పానర్ల డబ్బా తెచ్చి
సూప్ గిన్నె పక్కన పెట్టింది,
ఉప్పు డబ్బా పెట్టినట్టు.

మన భాషలోనైతే అతని పేరుకి
ఒక్క వత్తు తగిలిస్తే ఉక్కు.
ఆ సంగతి అతనికి తెలియదు.
తెలిసినా నవ్వేవాడు కాదు,
దీపం పట్టుకుని పాక వెనక్కి నడిచేవాడు.

వెనక ఇరుసు ఊడదీశారు.
మూడు రోజులు, ఒక డబ్బా కిరసనాయిలు, ఒక సమ్మెట,
ఒక బూతు. అది హెల్యుది.

ఇరుసు కథ చిత్రం.
నడుమ గేరు ఇచ్చే తిప్పుడు ఒక్కటే,
రెండు వైపులా పంచుకోవాలి.
ఒక చక్రాన్ని బ్రేకు బిగించి ఆపేస్తే
దాని వాటా కూడా కలుపుకుని
రెండోది రెట్టింపు తిరుగుతుంది.
"కుడి బ్రేకుకి మీట," అన్నాడు ఉకు,
"ఎడమవైపు డ్రమ్ము.
పట్టితే లాగుతుంది, విడిస్తే సడలుతుంది."
ఆగిపోవాల్సిన ఆ చక్రం వైపు
హెల్యు చాలాసేపు చూసింది.
తర్వాత గ్రీజు పూసింది, దానికి కూడా.

డ్రమ్ముకి గ్యాసు పైపు ముక్క.
పక్క పళ్ళేలకి పాత బాయిలరు మూత.
నడిపేవాళ్ళ వీపుకి అడ్డంగా ఇనప జల్లెడ,
అది గడ్డి బండి వెనక తలుపు.
అంతా ఇంట్లోదే, పైసా ఖర్చు లేదు.

అటక మీద అక్సెల్ పాత ఇనప మోకు ఉంది,
చుట్టలు చుట్టలుగా,
తెగిన పోగులు ముళ్ళలా లేచి.
"అరవై మీటర్లు ఉంటుంది," అని ఉకు
నిచ్చెన వైపు ఒక అడుగు వేశాడు.

"తాడు మాత్రం కొత్తది కొందాం."

తాడే పామై కరుస్తుందని మనకో సామెత.
ఆ ఇంట్లో ఆ సామెత లేదు.
ఆ ఇంట్లో అది జరిగింది.

మార్చి, మైనస్ పద్నాలుగు.
పైన మీట దగ్గర ఆమె.
కింద, దుంగ మెడకి గొలుసు బిగించి
ఉకు పక్కకి జరిగి చెయ్యెత్తాడు.
ఆమె లాగలేదు.
ఇంకో పది అడుగులు జరిగి చెయ్యెత్తాడు.
ఆమె లాగలేదు.
గొణుక్కుంటూ మోకాలి లోతు మంచులో
పెద్ద మొద్దు అవతలికి పోయి
టోపీ మాత్రం కనపడేలా నిలబడ్డాడు.

అప్పుడు పట్టింది.

తాడు మంచులోంచి గీతలా లేచింది,
వణికింది, పలచని పొడి రాల్చింది.
దుంగ ముక్కు పైకెత్తి, ఆలోచించి,
ఒక పొదని వెంటేసుకుని
బయల్దేరింది.
డ్రమ్ము రెండో చుట్టు దగ్గర కీచుమంది.
"నూనె," అని అరిచాడు ఉకు మొద్దు అవతల్నుంచి.
"వినపడింది," అంది హెల్యు,
కళ్ళు టోపీ మీంచి తీయకుండా.

మిగిలినవి నూట ముప్పై తొమ్మిది.