చీమ కుట్టినట్టు

సోమవారం పొద్దున
మిట్టూరు నుంచి పశువుల ఆసుపత్రికి
వైరు బుట్టలో పెట్టుకుని పోయినా బొరుగుని.
గుప్పెట్లో పడితే బరువే తెలిసేది కాదని
ఆ పేరు.
ఇప్పుడు రెండు కేజీల చిల్లర, కాటా చెప్పింది.

"నర్సమ్మకి నేను చెప్పాలనా, గట్టిగా పట్టుకోండి"
అన్నాడు కాంపౌండరు చెంగల్రాయులు.
పట్టుకున్నా.
పందొమ్మిదేళ్ళుగా పరాయి బిడ్డల తొడలు పట్టిన చెయ్యి,
ఎంత బిగువు కావాలో దానికి తెలుసు.
మెడ వెనక తోలు లాగి సూది దింపాడు.
బొరుగు కుయ్యిమనలేదు.
తల తిప్పి,
సూదిని కాదు, చెంగల్రాయుల్ని కాదు,
నన్ను చూసింది.

గాంధీ రోడ్డులో బన్ను కొనిపెడితే తినింది.
తోక కూడా ఊపింది.

రాత్రి గిన్నె చప్పుడు చేస్తే రాలేదు.
రోజూ ఆ చప్పుడుకి గడప మీద జారిపడేంత పరుగు దానిది.
చెప్పుల పెట్టె వెనక
గోడకి అతుక్కుని రెండు కళ్ళు.
చెయ్యి చాచా.
గుర్రుమంది.
రెండు నెలల గొంతులో
ఆ శబ్దం ఎక్కడ దాచిపెట్టుకుందో.

మా ఆయన చెయ్యి చాస్తే మాత్రం నాకింది.
"నీ చేతిలో స్పిరిట్టు వాసన" అన్నాడు.
"అది ఎప్పుడూ ఉండేదే కదా."
అయినా కడుక్కున్నా,
చింతపండుతో రాగి చెంబు తోమినట్టు.
మళ్ళీ చాచా.
మళ్ళీ అదే.

డాక్టరుకి ఫోను.
మూతి వాచిందా? లేదు. వాంతి? లేదు. ఊపిరి? బాగానే ఉంది.
"రెండ్రోజులు మబ్బుగా ఉంటుంది మేడం,
సూది పడిన చోట ముట్టుకోనివ్వదు.
మీకు తెలీందేముంది."
మందు చేసిందా ఇది, నేను చేసిందా
అని అడగడానికి
ఫోను పెట్టేశాక గానీ మాట దొరకలేదు.

మా వీధిలో నా పేరు సూదమ్మ.
అన్నం తినకపోతే
"అదో, సూదమ్మ వస్తాంది" అంటారు తల్లులు.
నవ్వుకుంటా పోయేదాన్ని.
ప్రతి బుధవారం
ఒళ్ళో బిడ్డని అదిమి పట్టుకున్న ఆడదానితో
"ఏం కాదులేమ్మా, చీమ కుట్టినట్టు" అంటా.
జ్వరం బిళ్ళ చేతిలో పెడతా.
రాత్రికి ఏమయిందని
ఏ తలుపూ తట్టింది లేదు.

ఒకసారి వళ్ళియమ్మ అని, సంతపేటామె,
"సిస్టరూ, నిన్నంతా రొమ్ము పట్టలేదు,
నన్ను చూసి మొగం తిప్పుకున్న్యాడు,
వాళ్ళ నాయన దగ్గిరే ఉన్న్యాడు" అంటే
"జొరానికి అట్లే ఉంటారు" అనేసి
కార్డులో తర్వాతి తేదీ రాశా.
ఆమె ఇంకా ఏదో చెప్పబోయింది.
వెనక పద్నాలుగు మంది ఉన్నారు.

నేల మీదే పడుకున్నా, పెట్టెకి మూరెడు దూరంలో.
రెండింటికి కరెంటు పోయింది.
చీకట్లో
లపలపమని నీళ్ళు తాగే చప్పుడు.
కదల్లేదు నేను.
దోమ చెవి మీద వాలినా కదల్లేదు.

మంగళవారమూ అంతే.
బుధవారం లేచేసరికి నా ఎడమ చెప్పు లేదు.
ఉతికే బండ కింద
పాలపళ్ళతో దాన్ని చీలుస్తా ఉంది.
పగో, ప్రేమో.
కుక్కపిల్లకి రెండింటికీ ఉండేది ఒకటే నోరు.

ఆయన చెప్పులేసుకుని సెంటరుకి పోయినా.
మొదటి కాన్పు పిల్ల, మోహనాంబ,
"నొప్పేస్తుందా?" అనింది.
చీమ నాలుక చివరిదాకా వచ్చింది.
"వేస్తుంది" అన్నా.
"రాత్రికి నిన్ను చూసి మొగం తిప్పుకోవచ్చు.
పట్టుకుండేది నువ్వే కదా.
తెల్లారి నేను మీ ఇంటికి వస్తా."
భయపడింది పాపం.
బిడ్డని ఇంకా గట్టిగా పట్టుకుంది.

సాయంత్రం బొరుగు నా ఎడమ చెయ్యి నాకింది.
కుడి చేతిని
వాసన చూసి, వదిలేసి,
గుమ్మం దగ్గిర పోయి కూర్చుంది.

ఇరవై ఒక్క రోజులకి రెండో సూది.
కార్డు మీద తేదీ వేసింది
చెంగల్రాయులు కాదు,
పెన్ను లేదంటే
నేనే.