గోడలో నడక

బెర్గెన్‌లో మంగళవారం. వాన మామూలే.
తూరున్ తనకన్నా పొడుగైన డబుల్ బేస్‌ని
తలుపులోంచి పక్కవాటుగా లోపలికి తెచ్చింది,
తాగినవాణ్ణి ఇంటికి చేర్చినట్టు.

స్పీకరు మాత్రం టిఫిన్ క్యారియరంత.
ఖాళీ సీసాల పెట్టె మీద, ఆమె మోకాలి పక్కన.
"చేపల సూపు తాగేవాళ్ళు మాట్లాడుకోవాలమ్మా"
అన్నాడు హోటలాయన.
మర చిటికెడే తిప్పింది.

లావు తీగ మీటితే
చప్పుడు కాదు,
నేల కాస్త బరువెక్కింది, అంతే.

మూడో పాట మధ్యలో బ్యాటరీ చచ్చింది.
ఎవరూ తలెత్తలేదు. పియానో మీది ఎయిలివ్ కూడా.
ఆమె వేళ్ళు ఆగలేదు,
ఉత్త కొయ్యనే నమ్ముకుని.

వంటింటి తలుపు మోచేత్తో నెట్టుకుని
సబ్బు నురగ చేతులతో వచ్చాడు హబ్తోమ్,
గిన్నెలు తోమేవాడు:

"ఇందాకటిదాకా గోడలో ఎవరో నడుస్తున్నారు.
ఎటు పోయారు?"