మీటరు పేరు

దేవరకొండల మట్టయ్య మిద్దె మీద
ఆరు పలకలు బిగించి నలభై రోజులు.
ఎండ ఎప్పుడో పాసైంది,
కాయితమే కాలే.

కరెంటు బిల్లుల ఆయన మత్తయ్య,
ఆధార్ల మట్టయ్య.
'ట'కూ 'త'కూ నడుమ
నా బండి ఏడుసార్లు తిరిగింది.
ఆఖరికి వంద రూపాయల బాండు మీద
"ఆ మత్తయ్యను నేనే" అని
తనకు తానే సాక్షిగ వేలిముద్ర ఏసిండు.

ఎర్తింగు గుంతల ఉప్పూ బొగ్గూ పోసి
ఎదురు చూస్తుంటే,
మబ్బు పట్టిన నాడే వచ్చిండు ఏఈ సారు.
"పలకలొక్కటే కాదు, ఫొటోల మనిషి కూడ ఉండాలె."

మట్టయ్య రుమాలు సర్దుకొని నిలబడ్డడు.
గప్పుడే ఎండ ఎల్లింది,
కండ్లు మూసిండు.

మల్లా దిగాలె ఫొటో.
సబ్సిడీ పడేదాక
నా పైసలు గూడ ఆ మిద్దె మీదనే,
ఎండుకుంట.