జిడ్డు

సోలింగెన్‌లో మంగలి షాపు నడపడమంటే
కత్తులు చేసినవాళ్ళ గొంతు మీదే
వాళ్ళ కత్తి ఆనించడం.
గాటు పడితే నేరం చేతిదే. కత్తి మీదికి నెట్టడానికి లేదు.

ఎవాల్డ్ నలభై ఆరేళ్ళు సానరాయి ముందు వంగిన మనిషి.
తడి రాయి మీద ఉక్కు పొట్ట లోపలికి పోయేదాకా,
గోటితో మీటితే అలుగు సన్నగా పలికేదాకా అరగదీసేవాడు.
పలకనిదాన్ని పెట్టెకెక్కనిచ్చేవాడు కాదు.

శనివారం తొమ్మిదింటికి నా కుర్చీలో వెనక్కి వాలి
వేడి తువ్వాలు కిందనుంచే మొదలుపెట్టేవాడు:
"ఆ జిడ్డు సీసా తీయకు. పదునున్న కత్తికి నూనెతో పనేంటి?
నురగను చంపుతుంది. తోలుపట్టీని పాడుచేస్తుంది.
సాన తెలియనివాడి సాకు అది."

సీసాలో ద్రాక్షగింజల నూనె మూడు పాళ్ళు, ఆముదం ఒక పాలు,
లవంగం వాసన ఉందా లేదా అన్నట్టు.
నాకు పని నేర్పిన హెడ్విగ్ అనేది:
"సబ్బు పోయిన చోట కూడా నూనె ఉంటుందే పిల్లా.
రెండోసారి గీసేటప్పుడు తెలుస్తుంది నీకు."
నాకు తెలిసిందో, తెలిసిందనుకున్నానో.

నవంబరులో పందెం.
ఎడమ చెంపకు నాలుగు చుక్కలు, కుడి చెంపకు ఉత్త వేడినీళ్ళు.
ఒకటే కత్తి, తోలు మీద అరవైసార్లు ఈడ్చింది.
తీర్పుకి పక్క బేకరీ నుంచి ఇర్మ్‌గార్డ్ వచ్చింది,
పిండి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ.
మడిచిన వేళ్ళ వెనకతో అటూ ఇటూ రాసి చూసింది.
"రెండూ ఒకే పిండి," అంది.
పొయ్యిలో రొట్టెలున్నాయంటూ వెళ్ళిపోయింది.

కుడిదే నున్నన అన్నాడు ఎవాల్డ్. ఎడమది అన్నాను నేను.
పైకి చెప్పనిది ఒకటుంది:
నూనె లేనివైపు ఒక్కో వెంట్రుకా తెగే చప్పుడు
చెవిపెట్టి విన్నాను. నూనె ఉన్నవైపు
రాత్రి వంటకేం కొనాలా అని ఆలోచించాను.
అది నూనె గొప్పో, దాని ప్రమాదమో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఫిబ్రవరి రెండో శనివారం కుర్చీ ఖాళీ.
ఆసుపత్రి మూడో అంతస్తు. ముఖం ఎడమ సగం
కొక్కెం మీది తడి తువ్వాలులా జారి ఉంది.
మాట ముద్దముద్దగా. పన్నెండు రోజుల గడ్డం.
"రక్తం పలచబడే మందులు ఎక్కుతున్నాయి,
ఒక్క గాటు కూడా పడకూడదు," అంటూ నర్సు
తలుపు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడింది.

అలవాటుగా ఎడమ చెంపకే ముందు నూనె రాశాను.
బొటనవేలితో చర్మం బిగలాగబోతే జారింది.
మళ్ళీ జారింది. పట్టు తప్పిన చెంప, పట్టు దొరకని వేలు,
మధ్యలో నా నాలుగు చుక్కలు.
సబ్బుతో కడిగేశాను. తువ్వాలుతో ఒత్తాను.
పటికముక్క వేళ్ళకి రుద్దుకున్నాను.
ఎవాల్డ్ అంతా చూస్తున్నాడు.
కదిలే సగం మూతి పైకి లేచింది,
ఇరవై ఏళ్ళ వాదన గెలిచినవాడి మూతి.

కత్తి కింద ఏం జరుగుతోందో ఆ చెంపకి తెలియదు.
దాని వంతు కూడా నేనే విన్నాను.

కుడివైపుకి వచ్చేసరికి
అతని మంచిచేయి లేచి నా మణికట్టు పట్టుకుంది.
సీసా వైపు తిప్పింది. తర్వాత తన చెంప వైపు.
"నూనెనా?" అన్నాను, పొరపడ్డానేమోనని.
"జి... డ్డు," అన్నాడు.

నాలుగు చుక్కలు కాదు, పది పోశాను.
అరచేతుల్లో వెచ్చబెట్టి, చెవి దగ్గర్నుంచి గడ్డందాకా
నెమ్మదిగా, కావలసినదానికన్నా ఎక్కువసేపు.
కళ్ళు మూసుకున్నాడు.
ఆ రోజు కుడి చెంప నున్నగా వచ్చిందో లేదో
నేను తడిమి చూడలేదు.

నర్సు సీసా ఎత్తి వెలుతురుకి పట్టింది.
"ఇది మందా? తీసుకెళ్తారా?"
ఎవాల్డ్ దుప్పటి మీద రెండుసార్లు తట్టాడు.
ఇక్కడే.