ఇరవై నాలుగు ఓబులమ్మలు

మిష్రెఫ్‌లో జులై నెల.
కొళాయి తిప్పితే చెయ్యి బొబ్బలెక్కే నీళ్ళు.
గీజరు ఆర్పేసి, దాంట్లో నిలవున్నవే
చన్నీళ్ళని పోసుకుంటాం.
తిరగమరగ దేశం ఇది.

కాలేజీ నుంచి వొచ్చి లుల్వా పాప
వాళ్ళ తాత కాలం నాటి రీళ్ళు నా సింకులో నానేసింది.
క్లోరాక్స్ పోసి రుద్దమనింది. రుద్దినా.
ఎవురిదో పెండ్లి, ఏదో కారు, ఒక పిల్లోడి నవ్వు
బంకబంకగా కరిగి జాలీలోకి పాయె.
"ఇప్పుడు దీని మీద నీళ్ళు గీస్తా" అనింది.

నీలం పూసింది. మళ్ళా నీలం.
ఉప్పు చల్లింది, వేలితో అలికింది.
గోరంత గళ్ళు, గళ్ళ పక్కన బెజ్జాలు.
అర్ధరాత్రి చాయ్ తీసకపోతే
"ఓబులా, నీళ్ళు ఇట్లే ఉంటాయా?" అనడిగింది.

నేనేం చెప్పేది.
మా చేని బోరు ఏడొందల అడుగులు.
మొదట తెల్ల దుమ్ము, ఆనక బూడిద రంగు,
ఎర్ర దుమ్ము, మళ్ళా తెలుపు.
లారీవోడు అడుగుకింతని లెక్క రాసుకుంటా ఉన్నాడు.
మా ఆయన దుమ్ము పిడికిట్లో పిసికి పిసికి చూసె,
ముద్ద కడతాదేమోనని.
కోడి కూసే యాళకు ఒక్కసారి లేచినాయి నీళ్ళు,
తాటిచెట్టెత్తు!
పక్క చేనోళ్ళు టెంకాయ తెచ్చేలోగా
గుటకేసి ఆగిపోయినాయి.

ఇదంతా చెప్పేంత అరబ్బీ నాకు రాదు.
కుంచె తీసుకున్నా.
నీలం ముట్టలేదు.
బూడిద, ఇటికరాయి రంగు, సున్నం,
రెండు రాత్రుళ్ళు గడిగడికీ దుమ్మే.
చివర ఏడు గళ్ళు మాత్రం
ఏమీ పూయకుండా వొదిలేసినా.

శుక్రారం మిద్దె మీద
నేనుతికిన దుప్పటే కట్టి ఆడించింది.
కుట్టుమిషను మాదిరి టకటకమంటా
నా రెండు రాత్రుళ్ళూ ఆరు సెకన్లకు అయిపాయె.
ఆఖర్న దుప్పటంతా ఒకటే వెలుగు,
రెప్ప కొట్టినంత సేపు.
లుల్వా ఒకడుగు ఎనక్కేసింది,
తడుస్తాననుకుందో ఏమో.

పేరు గీకమనింది, సూదితో.
ఏజెంటు కాయితం మీద ఒక్కసారి రాసినా, అంతే.
ఈడ ఒక్క సెకను అగుపించాలంటే
ఇరవై నాలుగుసార్లు రాయాలంట.
రాసినా. ఏ రెండూ ఒక తీరుగా రాలేదు.
'ఓ' ఒకచోట గుండ్రం, ఒకచోట సొట్ట.
దుప్పటి మీద నా పేరు నిలబల్లేదు.
వణికింది, సాగింది,
బకెట్లో మొగం చూసుకున్నట్టు.

తెల్లారి ఆ దుప్పటి మడతేసి మేడం బీరువాలో పెట్టినా.
పెట్టే ముందు తడిమి చూసినా.
యాడా తడి లేదు.