నేలకి పన్నెండు మైళ్ళ దూరంలో

మా సబేలా అత్త పటం మీద వంగి
ఒడ్డుకి పన్నెండు మైళ్ళ అవతల గీత గీసింది.
"అంత దూరమా?" అన్నాను.
కమరీన్యాస్ రేవులో పుట్టినవాణ్ణి,
అక్షరాలకన్నా ముందు రాళ్ళ పేర్లు నేర్చుకున్నవాణ్ణి,
నేల కనిపిస్తుంటేనే ధైర్యం అనుకునేవాణ్ణి.
"ఈ తీరంలో ఓడల్ని చంపింది నీళ్ళు కాదురా బ్రైస్,
నేలే" అంది
పెన్సిల్ చెవి మీద దోపుకుంటూ.

సాయంత్రం తెరచాప ఎత్తాం.
వెనకనించి ఉత్తరపు గాలి, జూలైలోనూ ఎముకలు కొరికే గాలి.
మా 'అందురీన్యా' చుక్కాని నా అరచేతిలో
కట్టేసిన మేకపిల్లలా గుంజుకుంటోంది.
చేపముక్కలు కూరిన రొట్టె సగం తిన్నాను,
తిన్న సగాన్నీ సముద్రానికి అప్పగించాను.
అత్త నవ్వలేదు. బకెట్ అందించింది.

అర్ధరాత్రి నించి మూడింటిదాకా కాపలా నాది.
ఆవిడ బూట్లతోనే పడుకుంది కింద.
వెనక విలాన్ దీపం:
రెండు మెరుపులు, చీకటి, పదిహేను లెక్కపెడితే మళ్ళీ రెండు.
ముందు ఫిస్తెర్రా దీపం:
ఐదుకొకటి.
ఆ రెంటి నడుమ ఎక్కడో
ఫోన్‌లో ఆఖరి గీత కూడా ఆరిపోయింది.

అదిగో, ఆ ఎడమ చీకట్లోనే
పాటు వేళ మా నాన్న నడుముకి తాడు కట్టుకుని
రాళ్ళకి కరుచుకున్న పెర్సెబెస్‌ని గీకి తెస్తాడు.
నా నడుముకీ తాడుంది.
ఆయనది నేలకి కట్టింది.
నాది, నేలని వదిలేసినదానికి.

"ఎర్రదీపం ఒక్కటే కనిపిస్తే చూస్తూ ఉండు,
పచ్చది ఒక్కటే అయినా చూస్తూ ఉండు,
రెండూ కలిసి కనిపిస్తే
నన్ను లేపు."

ఒంటిగంటన్నరకి రెండూ కనిపించాయి.

లేపలేదు.
అల ఎత్తినప్పుడు కనిపించి, దించినప్పుడు మాయమై,
మళ్ళీ ఎత్తేసరికి రెంటి మధ్యా ఎడం ఇంకాస్త పెరిగి.
పదిహేడేళ్ళ వయసులో
భయం కన్నా సిగ్గే బరువు.
ఇంకో అల చూద్దాం. ఇంకొక్కటి.
అప్పుడు ఇంజను చప్పుడు
చెవులకి కాదు, పళ్ళకి వినిపించింది.

"అత్తా!"

వచ్చింది. ఒక్కసారి చూసింది. తిట్టలేదు.
నా చెయ్యి మీద చెయ్యేసి పిడిని ఎడమకి నెట్టింది,
పడవ కుడికి మళ్ళింది.
తెరచాప చెళ్ళున చరిచి, గాలి పీల్చుకుని, మమ్మల్ని ఒరగేసింది.
పచ్చదీపం నల్లటి ఇనపగోడ వెనక్కి జారిపోయింది.
ఎర్రది మాత్రం మిగిలి
మా పక్కనించి, అంతెత్తున, ఏ తొందరా లేకుండా వెళ్ళింది.
లోపల ఎవడో కాఫీ కలుపుకుంటూ ఉండి ఉంటాడు.
ఓడ పోయిన చాలాసేపటికి దాని అల వచ్చి ఊపింది మమ్మల్ని,
చెప్పడం మరిచిన మాటేదో గుర్తొచ్చి వెనక్కి తిరిగినట్టు.

"పుస్తకంలో రాయి" అంది, వెళ్ళి పడుకుంది.
రాశాను: 1.40. ఓడ. దాటింది.

తెల్లారుతుంటే గాలి పడిపోయింది.
నేల ఇంకా కనపడలేదు, వాసనొచ్చింది:
యూకలిప్టస్, తడిసిన బూడిద,
ఎండకముందు గడ్డి.
నేలకింత ఘాటుంటుందని
దాని మీద నిలబడ్డన్నాళ్ళూ తెలియలేదు నాకు.

కాఫీ పెట్టడానికి కిందికి దిగితే
పుస్తకం తెరిచే ఉంది.
నా వంకర గీతల కింద అత్త పెన్సిల్:
ఇంకా ముందే లేపాల్సింది.
గాలి ఉత్తరం, నాలుగు.
నా కాఫీలో చక్కెర వద్దు.