తక్కెడలో మూడొందల కిలోలు

ఆటుపోట్ల పట్టిక వెనక్కి తిప్పి
నడిమధ్యన ఒక గీత గీశాను.
ఎడమవైపు మంచి, కుడివైపు చెడ్డ.
పీతల ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్లు తూకం పట్టినదాన్ని,
ఒక మోటార్‌ సైకిల్ని తూచలేనా?

బండి ఒరేల్ డెవోది.
షెటికాంప్ రేవు పక్కన, వలల షెడ్డులో,
దుప్పటి కప్పుకుని పడుకున్న క్రూయిజరు.
పదకొండేళ్లలో ఒక్క బోల్టు మార్చలేదట,
కంపెనీ గేటు దాటి ఎలా వచ్చిందో అలాగే ఉందట.
టోపీ తీసి మరీ చెప్పాడు ఆ మాట.

మొదటి పద్దు, సీటు ఎత్తు.
రెండు పాదాలూ నిండుగా నేలకి ఆనతాయి.
యాభై ఎనిమిదేళ్ల పొట్టిదానికి
ఇంతకన్నా మర్యాద ఎవరు చేస్తారు?
ఎడమవైపు రాశాను.

రెండోది బరువు.
షెడ్డులోంచి వెనక్కి లాగుతుంటే
ఆదివారం పొద్దున మంచం దిగని మనిషిలా మొరాయించింది.
కుడివైపు రాసి, కింద గీత కూడా గీశాను.

చప్పుడు దగ్గర మా అక్క కొడుకు రోరీ నవ్వాడు.
"పిన్నీ, ఇది బండా, కుట్టుమిషనా?
ఆ పైపు పీకెయ్, ఆ సీటు పారెయ్,
హ్యాండిల్ ఎత్తు చేయించు, అప్పుడు ఎక్కు."
వాడు చెప్పిన సామాను ఖరీదు కూడితే
ఇంకో సగం బండి వస్తుంది.
వాడు బయల్దేరితే పక్క ఊరి కుక్కలకి తెలుస్తుంది.
దీన్ని మలుపు దగ్గర ఆపితే
ఇంజను తన మాట తను చెప్పుకుంటుండగానే
కింద రాళ్లు కడుగుతున్న సముద్రం వినపడింది.
'కుట్టుమిషన్' అని రాశాను,
ఎటువైపో తేలక, సరిగ్గా గీత మీద.

ఫ్రెంచ్ మౌంటెన్ ఎక్కుతుంటే
మూడో మలుపులో ఫుట్‌బోర్డు రోడ్డుని గీరింది.
నా పళ్లు జివ్వుమన్నాయి.
ఈ బండికి ఒరగడం ఇష్టం ఉండదు, బతిమాలాలి.
కుడివైపు.
వెనక స్ప్రింగులు ప్రతి గుంతనీ
పేరుపేరునా నా నడుముకి పరిచయం చేశాయి.
కుడివైపు.
క్లచ్చు బిగువు. పీతకాళ్లు విరిచి విరిచి అరిగిన ఎడమచెయ్యి
గేరు గేరుకీ సణిగింది.
అదీ కుడివైపే.

దిగేటప్పుడు లేచింది సుయెట్,
కొండమీంచి దూకి ఇళ్ల కప్పులు ఎత్తుకుపోయే మా గాలి.
ముందు పోతున్న ఖాళీ ట్రైలరు తాగినవాడిలా ఊగింది.
రోరీ బండి మీదైతే ఈపాటికి నేను నీళ్లలో.
మూడొందల కిలోలు నా కింద
నోరెత్తకుండా రోడ్డుని కరిచి పట్టుకున్నాయి.
తిరిగొచ్చి, కుడివైపున్న 'బరువు' కొట్టెయ్యలేదు.
ఎడమవైపు కూడా అదే మాట రాశాను.
ఫ్యాక్టరీలో ఇలా తూస్తే ఉద్యోగం ఊడేది.

ఒరేల్ టూల్ కిట్ తెచ్చి చూపించాడు,
ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు.
నేను సీటు చూస్తున్నాను.
ఎడమపక్క కొంచెం లోతు.
చర్చిలోనైనా పడవలోనైనా
ఆయన ఎడమకి ఒరిగే కూర్చుంటాడు.
ఏదీ మార్చలేదన్న మనిషి
పదకొండేళ్లుగా రోజుకింత మారుస్తూనే ఉన్నాడు.

నేను మాత్రం?
కుడి మోకాలు హాలిఫాక్స్‌లో వేశారు,
పై పళ్ల వరస సిడ్నీలో.
కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నది
నాలో నోటి దురుసొక్కటే.

టైర్లు పాతవన్నాను, రెండొందల డాలర్లు తగ్గించమన్నాను.
ఆయన సముద్రంకేసి చాలాసేపు చూసి
నూట యాభై అన్నాడు.

సాయంత్రం ఫోను.
"మర్డీనా, నీ కాయితం ఇక్కడ మర్చిపోయావు.
కుడివైపు పద్దులన్నీ చదివాను, అన్నీ నిజమే.
మధ్యలో ఈ కుట్టుమిషన్ ఏమిటి?"

రేపొచ్చి చెప్తాలే అన్నాను.
ముందు ఆ కాయితం ఇటు తిప్పి
పొద్దున పోటు ఎన్నింటికో చూడు.